పేరు వేరు, చిరునామా వేరు: కంప్యూటర్ నెట్‌వర్క్స్ పాఠ్యప్రణాళిక రూపకర్తలకు బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల సాంకేతిక విశ్వవిద్యాలయాలలోనూ, స్వయంప్రతిపత్తి గల ఇంజినీరింగ్ కళాశాలలలోనూ కంప్యూటర్ సైన్స్ బోర్డ్ ఆఫ్ స్టడీస్ సభ్యులుగా ఉన్న ఆచార్యులకు నమస్కారం.

నేను ఇరవై ఏళ్ళకు పైగా నెట్‌వర్కుల నిర్వహణలో పనిచేస్తున్నాను. చదువు ముగించుకొని ఉద్యోగానికి వచ్చే పిల్లలను ఇంటర్వ్యూ చేసే పని కొన్నేళ్ళుగా నా మీద పడింది. వారందరినీ నేను తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది: “ఐపీ అడ్రస్ దేనిని సూచిస్తుంది?” దాదాపు అందరూ “కంప్యూటర్‌ను” అంటారు. “నీ ల్యాప్‌టాప్‌కు కేబుల్ తగిలించి, వై-ఫై కూడా ఆన్‌లోనే ఉంచితే ఎన్ని ఐపీ అడ్రస్‌లు ఉంటాయి?” అంటే “రెండు” అని సరిగ్గానే చెబుతారు. “మరి అక్కడున్న కంప్యూటర్లు ఎన్ని?” అని అడిగేసరికి గదిలో మాట వినబడదు. ఇది పిల్లల తప్పు కాదు. నెట్‌వర్క్ పనిని ఏడు పొరలుగా విడదీసి చూపే ఓఎస్‌ఐ నమూనా బొమ్మను కళ్ళు మూసుకొని గీయగలరు. రెండు యంత్రాల మధ్య సంభాషణను నడిపే టీసీపీ ప్రోటోకాల్‌లోని త్రీ-వే హ్యాండ్‌షేక్‌ను తడుముకోకుండా అప్పజెప్పగలరు. సబ్‌నెట్ మాస్క్ లెక్కలు కాగితం లేకుండానే చేసేవాళ్ళు కూడా కొందరు తగిలారు. ఆ ప్రశ్న మాత్రం వారి సిలబస్‌లోని అయిదు యూనిట్లలో ఎక్కడా లేదు.

ఇంటర్నెట్‌ను మనం ఎప్పుడో కట్టడం పూర్తయిన కోటలాగా, కొలతలు బట్టీ పట్టవలసిన కట్టడంలాగా బోధిస్తున్నాం. నిజానికి దాని పునాదిలోనే ఒక లోపం ఉందని, ఆ లోపం ఫలానాదని, దాన్ని కట్టినవాళ్ళే అర్ధ శతాబ్దం కిందట గుర్తించారు. ఈనాడు నెట్‌వర్క్ ఇంజినీర్లు పడే పాట్లలో చాలా భాగం ఆ ఒక్క లోపానికి వేసిన మాట్లే. మెరుగైన ఇంటర్నెట్ కావాలంటే దాని నిర్మాణాన్ని మళ్ళీ మొదటి నుంచి ఆలోచించాలని వాదించే పరిశోధకులు అమెరికాలో, ఐరోపాలో ఇరవై ఏళ్ళుగా పనిచేస్తున్నారు. ఆ వాదన ఒకటి ఉందన్న సంగతైనా మన విద్యార్థి చెవిన పడకుండానే డిగ్రీ చేతికి వస్తోంది. రాబోయే సిలబస్ సవరణలో దీన్ని సరిదిద్దమని కోరడానికే ఈ లేఖ.

లోపం ఏమిటో చెప్పడానికి మన తెలుగువాళ్ళ దగ్గర పెద్ద ఉపమానాలు అక్కరలేదు. మన ఇంటిపేర్లలో చాలావాటికి మూలం ఊళ్ళే. ఎన్నో తరాల కిందట నెల్లూరు నుంచి తరలివచ్చిన కుటుంబానికి వరంగల్‌లో ‘నెల్లూరు వారు’ అని పేరు పడుతుంది. ఎక్కడినుంచి వచ్చారో చెప్పిన ఆ మాట, తరాలు గడిచేసరికి ఎవరో చెప్పే మాటగా మారిపోతుంది. అంతమాత్రాన వాళ్ళింటికి శుభలేఖ పంపేవాళ్ళెవరూ దాన్ని నెల్లూరుకు పోస్టు చేయరు. ఇంటర్నెట్‌లో మాత్రం సరిగ్గా ఆ పనే జరుగుతుంది. కదిలే కంప్యూటర్ల కోసం 1996లో రూపొందించిన మొబైల్ ఐపీ ప్రమాణం ప్రకారం, యంత్రం ఎక్కడికి వెళ్ళినా దానికి వచ్చే ప్యాకెట్లు (డేటా ముక్కలు) మొదట దాని సొంతూరి నెట్‌వర్క్‌లో ఉన్న ఏజెంట్ దగ్గరకు చేరాలి. ఆ ఏజెంట్ వాటిని మరో కవరులో పెట్టి ప్రస్తుతం ఉన్న చోటికి పంపాలి. ఉత్తరం నెల్లూరు వెళ్ళి వరంగల్‌కు తిరిగి రావడమన్నమాట. పేరునూ చిరునామానూ ఒకే అంకెలో ఇరికించిన చోట ఇంతకంటే మంచి ఉపాయం దొరకదు.

ఇంకో పోలిక కూడా మన అనుభవంలోదే. ల్యాండ్‌లైన్ రోజుల్లో 0866 అంటే విజయవాడ, 0891 అంటే విశాఖపట్నం. నంబరు గోడలోని తీగది, మనిషిది కాదు. ఇల్లు మారితే నంబరు మారేది, బంధువులందరికీ కార్డు ముక్క రాయవలసి వచ్చేది. 2011 జనవరిలో దేశమంతటా మొబైల్ నంబర్ పోర్టబిలిటీ వచ్చాక కంపెనీ మారినా నంబరు మనతోనే ఉంటోంది. ఇంటర్నెట్ ఇంకా 0866 కాలంలోనే ఉంది.

ఇది ఎలా జరిగిందో చూస్తే ఎవరినీ తప్పు పట్టబుద్ధి కాదు. 1969 అక్టోబర్ 29న లాస్ ఏంజెలెస్‌లోని యూసీఎల్‌ఏ నుంచి స్టాన్‌ఫర్డ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌కు ఇంటర్నెట్‌కు పూర్వరూపమైన ఆర్పానెట్‌లో మొదటి సందేశం వెళ్ళింది. ‘లాగిన్’ అన్న మాటలో రెండు అక్షరాలు చేరగానే అవతలి యంత్రం కుప్పకూలింది. ఆ ఏడాది చివరికి నెట్‌వర్క్‌లో ఉన్నవి నాలుగు కేంద్రాలు. అటువంటి ప్రయోగంలో ఒక కంప్యూటర్‌కు అడ్రస్ కావాలంటే, అది ఏ స్విచ్చికి ఏ పోర్టులో తగిలించి ఉందో ఆ పోర్టు నంబరునే వాడేయడం సహజం. టెలిఫోన్ ఎక్స్‌ఛేంజీలు చేసిందీ అదే. చిక్కు 1972లో తెలిసింది. ఓక్లహామాలోని టింకర్ వైమానిక స్థావరం వారు, ఒక లింకు తెగినా పని ఆగకూడదని, తమ కంప్యూటర్‌ను రెండు స్విచ్చులకు తగిలించమన్నారు. కోరిక న్యాయమైనదే, అణుయుద్ధంలోనూ నిలబడే నెట్‌వర్కని పేరు మోసినదానికి అది చిన్న కోరికే. కానీ రెండు పోర్టులంటే రెండు అడ్రస్‌లు, రెండు అడ్రస్‌లంటే నెట్‌వర్క్ దృష్టిలో రెండు కంప్యూటర్లు. అవి రెండూ ఒకటేనని చెప్పే మార్గం ఆ నిర్మాణంలో లేదు. నా ఇంటర్వ్యూ గదిలో నిశ్శబ్దానికి దారితీసే ప్రశ్న అంత పాతది.

తర్వాత సిద్ధాంతం కూడా చక్కగానే కుదిరింది. 1978లో జాన్ షాక్ అనే పరిశోధకుడు మూడు ముక్కల్లో తేల్చాడు: మనం ఏమి కోరుతున్నామో చెప్పేది పేరు, అది ఎక్కడ ఉందో చెప్పేది చిరునామా, అక్కడికి ఎలా చేరాలో చెప్పేది మార్గం. 1982లో ఎంఐటీకి చెందిన జెరోమ్ సాల్ట్జర్ దీన్ని ఇంకా నిక్కచ్చిగా విడదీశాడు. సేవలకు, యంత్రాలకు, యంత్రం నెట్‌వర్క్‌కు తగులుకునే బిందువులకు, వాటి మధ్య మార్గాలకు వేటికవే పేర్లుండాలనీ, ఒక దానినుంచి మరొక దానికి ఉన్న ముడి మార్చుకోగలిగేలా ఉండాలనీ ఆయన వాదన. ఆ వ్యాసాన్ని 1993లో ఇంటర్నెట్ సాంకేతిక పత్రాల వరుసలో ఆర్‌ఎఫ్‌సీ 1498గా మళ్ళీ ప్రచురించారు. కొద్ది పేజీలది. మన నాలుగేళ్ళ బీటెక్‌లో ఏదో ఒక సెమిస్టర్‌లో దాన్ని చదివించలేమా అని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది. సాల్ట్జర్ చెప్పిన నాలుగింటిలో ఇంటర్నెట్ నిజంగా పేరు పెట్టింది తగులుకునే బిందువుకు మాత్రమే. డొమైన్ పేర్లు 1983లో వచ్చాయి కదా అంటారేమో. అవి మనుషులకు గుర్తుండే పేర్లే కానీ, సంభాషణ మొదలవకముందే వాటిని ఐపీ అడ్రస్‌గా మార్చి పక్కన పెట్టేస్తాం. ఆ తర్వాత జరిగేదంతా అంకెల మీదే. ఇక అప్లికేషన్‌కు పేరే లేదు. 80, 443 అంటూ అందరూ ఒప్పుకున్న పోర్టు నంబర్లే (ఇవి స్విచ్చి పోర్టులు కావు, యంత్రం లోపల ఏ ప్రోగ్రామో చెప్పే అంకెలు) దాని పేరుగా చెలామణి అవుతున్నాయి.

టీసీపీ సంగతి చూడండి. వింట్ సెర్ఫ్, బాబ్ కాన్ 1974 మేలో ప్రచురించిన రూపంలో అది ఒకే ప్రోటోకాల్. 1978లో దాన్ని టీసీపీ, ఐపీ అని రెండుగా విడగొట్టారు. 1983 జనవరి 1న ఆర్పానెట్ మొత్తం వాటికి మారింది. విడగొట్టారే కానీ విడాకులు పూర్తి కాలేదు. ఒక టీసీపీ కనెక్షన్‌ను గుర్తించేవి నాలుగు అంకెలు: ఇటు ఐపీ అడ్రస్, పోర్టు, అటు ఐపీ అడ్రస్, పోర్టు. కింది పొరలోని అడ్రస్ పై పొర గుర్తింపులో భాగమైపోయింది. కాబట్టి కింద అడ్రస్ మారిన క్షణంలో పైన సంభాషణ చచ్చిపోతుంది. ఇంట్లో వై-ఫై మీద వీడియో కాల్‌లో ఉన్న మనిషి గేటు దాటి వీధిలోకి రాగానే బొమ్మ గడ్డకట్టి, “మళ్ళీ కనెక్ట్ అవుతోంది” అని కనబడటానికి మూలం ఇదే. సిగ్నల్ లేక కాదు. ఫోన్ అదే, మనిషి అదే, అవతలి వ్యక్తీ అదే. గోడలోని తీగ మారింది, అంతే. పొరలు ఒకదాని లోపలి సంగతి మరొకదానికి తెలియకుండా ఉండాలని మొదటి యూనిట్‌లో చెప్పి, నాలుగో యూనిట్‌లో దానికి పూర్తిగా విరుద్ధమైన టీసీపీని ఆ వైరుధ్యం ఊసెత్తకుండా బోధిస్తున్నాం. చురుకైన విద్యార్థికి ఇక్కడ అనుమానం రావాలి. రాకుండా చూసుకుంటున్నది మన పరీక్షా విధానమే.

మొబైల్ నెట్‌వర్కులు ఈ లోపాన్ని సొరంగాలతో కప్పిపుచ్చుతాయి. ఫోన్ ఒక టవర్ నుంచి మరో టవర్‌కు మారినా దాని ఐపీ అడ్రస్ ఎక్కడో నగరంలోని గేట్‌వేలో కట్టేసి ఉంటుంది. అక్కడినుంచి టవర్ దాకా ప్రతి ప్యాకెట్ మరో ప్యాకెట్ కడుపులో ప్రయాణిస్తుంది. ఒకే ఊళ్ళో పక్క పక్క వీధుల్లో ఉన్న ఇద్దరి ఫోన్ల మధ్య డేటా కూడా మామూలుగా ఆ గేట్‌వే దాకా వెళ్ళి రావలసిందే. 1981లో ఐపీ ప్రమాణం రాసినప్పుడు కంప్యూటర్ అంటే గదిలో బీరువాలాగా కదలకుండా ఉండే వస్తువు. మన రెండు రాష్ట్రాలలో అత్యధికులు ఇంటర్నెట్‌ను మొదట చూసింది చేతిలోని ఫోన్‌లో. కదలడం వాళ్ళకు మినహాయింపు కాదు, అదే నిత్యం. నిర్మాణం మినహాయింపుగా భావించినదే కోట్లమందికి మామూలైనప్పుడు, ఆ నిర్మాణాన్ని ప్రశ్నించే అవసరం అందరికంటే ముందు మనకే కలగాలి.

టింకర్ స్థావరం అడిగిన రెండు లింకుల సంగతికి మళ్ళీ వస్తాను, ఎందుకంటే దాని ఖర్చు ప్రపంచమంతా పంచుకుంటోంది. ఒక బ్యాంకో, విశ్వవిద్యాలయమో ఇద్దరు సర్వీస్ ప్రొవైడర్ల దగ్గర లింకులు తీసుకుందనుకోండి. ఒకటి తెగినా రెండో దారిలో చేరాలంటే, తన అడ్రస్‌ల సముదాయాన్ని, నెట్‌వర్కులు ఒకదానికొకటి దారులు చెప్పుకునే బీజీపీ ప్రోటోకాల్ ద్వారా ఇద్దరి వైపునుంచీ ప్రకటించాలి. అలా ప్రకటించిన ప్రతి సముదాయమూ ప్రపంచంలోని ప్రతి వెన్నెముక రూటర్ (ప్యాకెట్లకు దారి చూపే యంత్రం) జ్ఞాపకంలోని దారుల పట్టికలో ఒక వరుస ఆక్రమిస్తుంది. కాకినాడలోని సంస్థ తన భద్రత కోసం తీసుకున్న నిర్ణయానికి బ్రెజిల్‌లోని రూటర్ మూల్యం చెల్లిస్తుంది. 2014 ఆగస్టు 12న ఈ పట్టిక 5 లక్షల 12 వేల వరుసల హద్దు దాటింది. అంతకు మించి పట్టని పాత రూటర్లు ఆ రోజు అనేక దేశాల్లో తడబడ్డాయి. ఇప్పుడు ఐపీవీ4 (32 బిట్ల పాత ఐపీ) పట్టిక ఒక్కటే 10 లక్షల దరిదాపుల్లో ఉంది. పెద్ద రూటర్లు కొనడం దీనికి తాత్కాలిక ఉపశమనమే కానీ చికిత్స కాదు. యంత్రానికి తన పేరంటూ ఉండి, ఏ తగులుకునే బిందువు ద్వారా చేరాలన్నది చివరి అంచెలో నిర్ణయమైతే ఈ వరుసల్లో చాలావాటి అవసరమే ఉండదు.

దీన్ని సరిచేసే అవకాశం ఒకసారి చేతిదాకా వచ్చి జారిపోయింది. ఆ కథ ఏ పాఠ్యపుస్తకంలోనూ సరిగ్గా కనబడదు కాబట్టి కొంచెం నిలిచి చెబుతాను. 1990ల మొదట్లోనే 32 బిట్ల అడ్రస్‌లు, అంటే సుమారు 429 కోట్లు, చాలవని తేలిపోయింది. 1992 జూన్‌లో జపాన్‌లోని కోబె సమావేశం సమయంలో ఇంటర్నెట్ ఆర్కిటెక్చర్ బోర్డ్, కొత్త తరం ఐపీకి ఓఎస్‌ఐ ప్రమాణాల కమిటీల వారి సీఎల్‌ఎన్‌పీ అనే ప్రోటోకాల్‌ను ఆధారంగా తీసుకుందామని ప్రతిపాదించింది. సీఎల్‌ఎన్‌పీలో అడ్రస్ తీగకు కాదు, యంత్రానికి. అంటే టింకర్ ప్రశ్నకు జవాబు అందులో ఉంది. కానీ ఓఎస్‌ఐ అన్న మాట వింటేనే ఆనాటి ఇంటర్నెట్ ఇంజినీర్లకు ఒళ్ళు మండేది. కమిటీలు ఏళ్ళ తరబడి కాగితాల మీద నడిపిన ప్రమాణాల పట్ల వారి విసుగులో న్యాయం కూడా ఉంది. జూలైలో అమెరికాలోని కేంబ్రిడ్జ్‌లో జరిగిన ఐఈటీఎఫ్ (ఇంటర్నెట్ ప్రమాణాలు రాసే ఇంజినీర్ల వేదిక) సమావేశంలో తిరుగుబాటు లేచింది. రాజులను, అధ్యక్షులను, ఓటింగును తిరస్కరిస్తామనీ, స్థూల ఏకాభిప్రాయాన్నీ నడిచే కోడ్‌నూ నమ్ముతామనీ డేవిడ్ క్లార్క్ అన్న మాట ఆ సమావేశంలోదే. నినాదం గొప్పది, ఈనాటికీ టీషర్టుల మీద ఉంది. ఆ వేడిలో అసలు ప్రశ్న కొట్టుకుపోయింది. 1995లో వచ్చిన ఐపీవీ6 అడ్రస్‌ను 128 బిట్లకు పొడిగించింది. అడ్రస్‌లు ఇంటర్‌ఫేస్‌లకే (నెట్‌వర్క్‌కు తగులుకునే బిందువులకే) కానీ యంత్రాలకు కావని దాని ప్రమాణ పత్రం స్పష్టంగానే రాసుకుంది. ఇల్లు పెద్దది చేశారు, పునాది అదే. మన దేశం ఐపీవీ6 వాడకంలో ప్రపంచంలో ముందు వరుసలో ఉందని మనం గర్వపడతాం. గర్వించవలసిందే. కానీ ఐపీవీ6 ఫోన్‌లో కూడా గేటు దాటగానే వీడియో కాల్ గడ్డకడుతుందన్నది విద్యార్థికి చెప్పాలి కదా.

ఐపీవీ6 రావడానికి పట్టిన కాలంలో న్యాట్ ఇల్లంతా ఆక్రమించింది. 1994లో తాత్కాలిక ఏర్పాటుగా మొదలైన ఈ పద్ధతిలో, లోపల ఎన్ని యంత్రాలున్నా బయటికి ఒకే అడ్రస్ కనబడుతుంది. 2011 ఫిబ్రవరి 3న కేంద్ర నిల్వలోని చివరి ఐపీవీ4 సముదాయాలు పంచేశాక, సర్వీస్ ప్రొవైడర్లే వందలాది చందాదారులను ఒక్క పబ్లిక్ అడ్రస్ వెనక కూర్చోబెట్టడం మామూలైంది. ఇందులో లాభపడ్డది అడ్రస్‌ల పొదుపు. నష్టపోయింది మొదటి ఇంటర్నెట్‌లో అందరికీ ఉన్న సమాన హోదా. ఈ ఏర్పాటులో ఉన్న విద్యార్థి తన ల్యాప్‌టాప్‌లో ఒక సర్వర్ నడిపి మిత్రుడికి చూపించాలంటే కుదరదు. ఎవరి క్లౌడ్‌లోనో అద్దెకు చోటు తీసుకోవాలి. ఇంటర్నెట్ కొద్దిమంది పెద్దల చేతిలోకి ఎందుకు వెళ్ళిపోయిందని వ్యాసాలు రాసేవాళ్ళు వ్యాపార కారణాలు బాగానే చెబుతారు, అడ్రస్ కారణం మాత్రం అరుదుగా ప్రస్తావిస్తారు.

భద్రత విషయం కూడా నిర్మాణంలోంచి పుట్టినదే. బీజీపీని 1989లో ఇద్దరు ఇంజినీర్లు భోజనాల బల్ల దగ్గర కాగితపు రుమాళ్ళ మీద గీసుకున్నారని ప్రసిద్ధి. ఒకరి ప్రకటనను మరొకరు నమ్మడమే దాని ఆధారం. 2008 ఫిబ్రవరి 24న పాకిస్తాన్ టెలికాం తన దేశంలో యూట్యూబ్‌ను ఆపడానికి 208.65.153.0/24 అన్న సముదాయం తనదేనని ప్రకటించింది. అది హాంకాంగ్ మీదుగా బయటికి పొక్కింది. యూట్యూబ్ ప్రకటించిన /22 కంటే ఇది సన్నని సముదాయం, రూటర్లు సన్నని దానికే ప్రాధాన్యమిస్తాయి కాబట్టి ప్రపంచ రూటర్లన్నీ దానివైపే మొగ్గాయి. సుమారు రెండు గంటలు యూట్యూబ్ లోకానికి అందలేదు. ఆర్‌పీకేఐ అనే డిజిటల్ ధ్రువీకరణ ఇప్పుడు ఈ రకం పొరపాట్లను చాలావరకు పట్టుకుంటుంది. అయితే సముదాయం ఎవరిదో ధ్రువీకరించగలదే కానీ, ప్యాకెట్ వెళ్ళే దారి మొత్తాన్ని కాదు. దారిని ఎంచుకునే హక్కు పంపేవారికే ఉండాలన్న ఆలోచనతో జ్యూరిక్‌లోని ఈటీహెచ్‌లో అడ్రియన్ పెరిగ్ బృందం సియాన్ అనే నిర్మాణాన్ని తయారుచేసింది. 2021 నుంచి స్విట్జర్లాండ్ బ్యాంకుల మధ్య ఒక నెట్‌వర్క్ దాని మీదే నడుస్తోంది. కొత్త నిర్మాణాలన్నీ ప్రయోగశాల దాటవని అనేవారికి చూపించదగ్గ ఉదాహరణ అది.

మిగిలిన ప్రయత్నాలలో నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది రీనా. ఆర్పానెట్ తొలిరోజుల నుంచి ఈ రంగంలో ఉన్న జాన్ డే దీని రూపకర్త. నెట్‌వర్కింగ్ అంటే వేర్వేరు యంత్రాలలోని ప్రాసెస్‌ల మధ్య సంభాషణ, అంతకు మించి ఏమీ కాదన్నది ఆయన మూలసూత్రం. దాని ప్రకారం అయిదో ఏడో రకాల పొరలు అక్కరలేదు. ఒకే రకం పొర, చిన్న పరిధి నుంచి పెద్ద పరిధికి, కావలసినన్ని సార్లు మళ్ళీ మళ్ళీ వస్తుంది. అప్లికేషన్ అవతలి అప్లికేషన్‌ను పేరుతోనే అడుగుతుంది. అడ్రస్ అన్నది ఆ పొర సొంత వ్యవహారం, పైవారికి కనబడదు. పొరలో చేరాలంటే ముందు గుర్తింపు చూపాలి. రెండు లింకులు, కదలిక వంటివి ప్రత్యేక ప్రోటోకాల్ లేకుండానే సాధ్యమవుతాయి. ఐరోపా సమాఖ్య నిధులతో 2013 నుంచి కొన్ని ప్రాజెక్టులు దీన్ని లినక్స్‌లో నడిపి చూపించాయి. విస్తృతంగా వాడుకలోకి మాత్రం రాలేదు, వస్తుందని నేను పందెం కూడా కాయను.

నేమ్‌డ్ డేటా నెట్‌వర్కింగ్ ఇంకో దిక్కునుంచి వస్తుంది. వ్యాన్ జేకబ్‌సన్ ఆలోచనతో మొదలై, 2010లో అమెరికా నేషనల్ సైన్స్ ఫౌండేషన్ నిధులు పొందిన ఈ నిర్మాణంలో యంత్రానికి కాక సమాచారానికే పేరు ఉంటుంది. క్రికెట్ మ్యాచ్ చూసే లక్షలమందికి అదే వీడియో ముక్కను ఎవరికి వారికి విడిగా మోయడం ఎందుకు, దారిలోని రూటరే దాచుకొని ఇవ్వవచ్చు కదా అన్నది దాని ప్రశ్న. ప్రశ్న ఒప్పుకోదగ్గది; కానీ సమాచారపు పేర్లు యంత్రాల కంటే ఎన్నో రెట్లు ఎక్కువ కాబట్టి రూటర్ పట్టికలు ఏమవుతాయన్నదానికి నాకు తృప్తికరమైన జవాబు దొరకలేదు. ఎవరు ఏమి చూస్తున్నారో పేరులోనే బయటపడే చిక్కు కూడా ఉంది. ఇక 2021 మేలో ఆర్‌ఎఫ్‌సీ 9000గా ప్రమాణమైన, టీసీపీకి బదులుగా వాడే క్విక్ అనే ప్రోటోకాల్ విప్లవమేమీ ప్రకటించలేదు. నిశ్శబ్దంగా కనెక్షన్‌కు తనదైన గుర్తింపు సంఖ్యను ఇచ్చి, ఐపీ అడ్రస్ మారినా సంభాషణ కొనసాగేలా చేసింది. సాల్ట్జర్ 1982లో అడిగినదానిలో ఒక ముక్కను దొడ్డిదారిన లోపలికి తీసుకురావడమే ఇది. ఇప్పటికే ఎందరి ఫోన్లలోనో నడుస్తోంది.

వీటిలో ఏదో ఒకటి నిజమైన మార్గమని పిల్లలకు నూరిపోయమని నేను కోరడం లేదు. మతం మార్పించడం చదువు కాదు. ఒకే సమస్యకు ఇన్ని జవాబులు ఎందుకు వచ్చాయో, ఒక్కోదాని ఖర్చు ఎవరి మీద పడుతుందో తర్కించగలిగితే చాలు.

“నడుస్తున్నదాన్ని నేర్పితేనే ఉద్యోగాలొస్తాయి, ఊహల్లోని నెట్‌వర్కులతో ఏం పని?” అన్న అభ్యంతరం నాకు తెలుసు. నేను ఉద్యోగాలిచ్చే వైపునుంచే మాట్లాడుతున్నాను. కమాండ్లు తెలిసినవారు మాకు కొదువ లేరు, అవి ఆరు నెలల్లో మేమే నేర్పుకుంటాం. అర్ధరాత్రి ఒక లింకు తెగి, రెండో లింకు బాగానే ఉన్నా కనెక్షన్లు ఎందుకు పడిపోయాయో ఆలోచించగలిగే మనిషి కావాలి. సిలబస్‌లో చోటు లేదన్న మాటకు కూడా జవాబుంది. ఏ, బీ, సీ తరగతుల అడ్రసింగ్‌ను 1993లోనే వాడుకలోంచి తప్పించారు. మన ప్రశ్నపత్రాలు ఇంకా దాని మీద మార్కులు ఇస్తున్నాయి. దాన్ని ఒక పేరాలో చరిత్రగా చెప్పి వదిలేయండి. ప్రెజెంటేషన్ పొర, సెషన్ పొరల విధులను బట్టీ కొట్టించడం ఆపండి. ఒకే రేడియో మాధ్యమాన్ని అనేక యంత్రాలు పంచుకునే అలోహా పద్ధతి లెక్కలను మాత్రం తీసేయవద్దు. అది పాతదే అయినా వై-ఫై దాని మనుమడే.

కారణం తెలియకుండా నేర్చుకున్నది నిలవదనడానికి మన సిలబస్‌లోనే ఇంకో ఉదాహరణ ఉంది. టీసీపీ తక్కువ వేగంతో మొదలై క్రమంగా పెంచుకునే తీరును చూపే స్లో స్టార్ట్ గ్రాఫును ప్రతి విద్యార్థీ గీస్తాడు. 1986 అక్టోబర్‌లో లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాలకూ, కూతవేటు దూరంలో ఉన్న బర్క్‌లీ విశ్వవిద్యాలయానికీ మధ్య సెకనుకు 32 వేల బిట్ల వేగం 40 బిట్లకు పడిపోయిందని, ఎందుకలా అయిందని తల పట్టుకున్న వ్యాన్ జేకబ్‌సన్ కృషిలోంచి ఆ గ్రాఫు పుట్టిందని చెబితే, అది గీతగా కాక జవాబుగా గుర్తుంటుంది.

ల్యాబ్ విషయంలో నా సూచన చిన్నది. చాలా కళాశాలల రికార్డులలో బిట్ స్టఫింగ్, సీఆర్‌సీ, డైక్స్‌ట్రా అల్గారిథమ్‌లను సీ భాషలో రాయించడంతోనే సెమిస్టర్ గడుస్తోంది. వాటితోపాటు ఒక్క ప్రయోగం చేర్చండి. ఒకే కంప్యూటర్‌లో నమూనా నెట్‌వర్కులు కట్టే మినీనెట్‌లో రెండు ఇంటర్‌ఫేస్‌లున్న యంత్రాన్ని సృష్టించి, ఒక పెద్ద ఫైలు డౌన్‌లోడ్ మొదలుపెట్టి, మధ్యలో ఒక లింకును తెంచమనండి. డౌన్‌లోడ్ ఆగిపోవడం, ప్యాకెట్లను పట్టి చూపించే వైర్‌షార్క్‌లో చూడమనండి. తర్వాత, 2020 నుంచి లినక్స్ కెర్నెల్‌లోనే ఉన్న, ఒకే కనెక్షన్‌ను అనేక దారుల్లో నడిపే మల్టీపాత్ టీసీపీతో అదే ప్రయోగం మళ్ళీ చేయించండి, ఈసారి ఆగదు. రెండింటికీ తేడా ఎందుకొచ్చిందో, ఆ తేడాను ఏ పొరలో దాచారో ఒక పేజీ రాయమనండి. దీనికి కొత్త పరికరాలేవీ కొనక్కరలేదు, ఉన్న కంప్యూటర్లు చాలు.

ప్రశ్నపత్రం మారకపోతే ఇదంతా వృథా అని అధ్యాపక మిత్రులు అంటారు, వారి మాట నిజమే. వారానికి పదహారు, పద్దెనిమిది గంటలు బోధిస్తూ, బయటివారు తయారుచేసే ప్రశ్నపత్రానికి పిల్లలను సిద్ధం చేయవలసిన అధ్యాపకుడి మీద భారమంతా మోపడం అన్యాయం. కాబట్టి మార్పు మీ బోర్డు నుంచే రావాలి. “ఓఎస్‌ఐ నమూనాను వివరించుము” బదులు, “ఒక కళాశాలకు ఇద్దరు సర్వీస్ ప్రొవైడర్ల నుంచి లింకులు ఉన్నాయి. ఒకటి తెగినప్పుడు విద్యార్థి డౌన్‌లోడ్ ఎందుకు ఆగిపోతుంది? ఆగకుండా ఉండాలంటే ఏ పొరలో ఏమి మార్చవచ్చు? ఒక్కో మార్పుకు ఎవరు మూల్యం చెల్లిస్తారు?” అని అడగండి. దీనికి ఒకే సరైన జవాబు ఉండదు కాబట్టి మూల్యాంకనం కష్టమే. ఒకటి రెండేళ్ళు గందరగోళం కూడా ఉంటుంది.

మీ తదుపరి సమావేశపు ఎజెండాలో మూడు విషయాలు చేర్చవలసిందిగా కోరుతున్నాను: నెట్‌వర్క్ పొరకు సంబంధించిన యూనిట్‌లో ఐపీ కంటే ముందు పేరు, చిరునామా, మార్గం అన్న భేదానికి రెండు తరగతులు, ఆర్‌ఎఫ్‌సీ 1498 తప్పనిసరి పఠనం, పైన చెప్పిన ల్యాబ్ ప్రయోగం. ప్రయోగానికి కావలసిన సూచనలను తెలుగులోనూ ఇంగ్లీషులోనూ రాసి ఇవ్వడానికీ, ఏ కళాశాల పిలిచినా నా ఖర్చులతో వచ్చి, ఒక పూట పిల్లల ఎదుట ఆ లింకు తెంచి చూపించడానికీ నేను సిద్ధంగా ఉన్నాను.

భవదీయ,
ఒక నెట్‌వర్క్ ఇంజినీరు
హైదరాబాద్